రొయ్యల ఫైలు సార్ట్ చేస్తే 30 కంటే 100 కౌంట్ ముందుకెందుకు వస్తోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. పాలకొల్లు దగ్గర రొయ్యలు కొనేవాళ్ల దగ్గర లెక్కలు చూస్తున్నారు. తూకం సాఫ్ట్‌వేర్ ఒక టెక్స్ట్ ఫైలు ఇస్తుంది. ఒక్కో పట్టుబడికి ఒక్కో లైను, ఫీల్డుకీ ఫీల్డుకీ మధ్య నిలువు గీత. దాన్ని పైథాన్‌లో కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న సంఖ్య) ప్రకారం సార్ట్ చేయాలి, అంటే వరసలో పెట్టాలి. ఒకే కౌంట్ ఉన్న లైన్లలో ఎక్కువ కిలోలున్నది ముందు రావాలి. స్క్రిప్టు ఇన్నాళ్లూ బాగానే నడిచింది, ఈమధ్య మాత్రం 100 కౌంట్ లైన్లు 30 కౌంట్ కంటే పైకి వస్తున్నాయి. పైథాన్ కొత్త వెర్షన్ వేసినందుకా అని అడిగారు.

కాదండి. వెర్షన్‌కీ దీనికీ సంబంధం లేదు. స్క్రిప్టులో ఈ తప్పు మొదటి రోజు నుంచీ ఉంది, బయటపడే సందర్భం ఇప్పుడొచ్చింది, అంతే.

మీరు పెట్టిన లైన్ల పద్ధతిలోనే ఒక చిన్న నమూనా రాస్తున్నాను. అంకెలు ఊరికే వేసినవి.

తేదీ|ఊరు|చెరువు|కౌంట్|కిలోలు
12-10-2024|కాళ్ల|10|45|860
28-10-2024|ఆకివీడు|2ఎ|30|2,100
05-11-2024|మొగల్తూరు|2|100|1,250
05-11-2024|వీరవాసరం|1||640
07-11-2024|కాళ్ళ|2|45|1,400

ఒక మాట. కోడ్‌లో వచ్చే మాటల్ని కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. సార్టెడ్, స్ప్లిట్, ఫ్లోట్ లాంటివి టైపు చేసేటప్పుడు మీరు ఎలాగూ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. మీరు పెట్టుకునే వేరియబుల్ పేర్లు మాత్రం పైథాన్ 3లో నిజంగానే తెలుగులో ఉండొచ్చు, పైథాన్ ఏమీ అనదు.

మీ స్క్రిప్టు చేస్తున్నది ఇదీ: లైనుని నిలువు గీత దగ్గర స్ప్లిట్ చేసి, నాలుగో ముక్క తీసుకుని, దాన్నే కీగా, అంటే పోల్చాల్సిన విలువగా, ఇస్తోంది. స్ప్లిట్ నుంచి వచ్చే ముక్కలన్నీ టెక్స్టే. అందులో ఉన్నవి అంకెలని మనకి తెలుసు, పైథాన్‌కి తెలీదు. రెండు టెక్స్టులని పోల్చమంటే అది ఎడమ నుంచి ఒక్కో అక్షరం చూస్తూ పోతుంది. 100లో మొదటిది 1, 30లో మొదటిది 3. ఒకటి చిన్నది కాబట్టి తీర్పు అక్కడే అయిపోయింది, మిగతా సున్నాల వంక చూడనే చూడదు. ఆ లెక్కన 100, 30, 45 అన్నది దాని దృష్టిలో సరైన వరసే. కౌంట్ ఖాళీగా ఉన్న వీరవాసరం లైను వీటన్నిటికంటే ముందు వస్తుంది, ఎందుకంటే ఖాళీ టెక్స్ట్ అన్నిటికంటే చిన్నది. హెడింగ్ లైను అట్టడుగుకి పోతుంది, ఎందుకంటే తెలుగు అక్షరాల కోడ్లు అంకెల కోడ్ల కంటే చాలా పెద్దవి. మీ అవుట్‌పుట్‌లో హెడింగ్ కిందకెందుకు పోయిందో మీరు అడగలేదు గానీ కారణం ఇదే.

మరి ఇన్నాళ్లూ ఎలా పనిచేసింది? మీ పాత ఫైళ్లు తెరిచి చూడండి, కౌంట్లన్నీ 30 నుంచి 90 లోపు ఉండి ఉంటాయి. అన్నీ రెండంకెలే అయినప్పుడు టెక్స్ట్ వరస, సంఖ్యల వరస ఒక్కటే అవుతాయి. చెరువులో జబ్బు కనిపించి ఎవరో తొందరగా పట్టేసి ఉంటారు, 100 కౌంట్, 110 కౌంట్ సరుకు వచ్చి ఉంటుంది. మూడో అంకె రాగానే తప్పు పైకి తేలింది.

ధాన్యం వైపు పనిచేసేవాళ్లకి ఈ మోసం ఇంకా ఎక్కువ కాలం దాగుతుంది. మారుటేరు వరి రకాల నంబర్లు 1010, 1121, 7029, బాపట్ల 5204, అన్నీ నాలుగంకెలే. టెక్స్ట్‌గా సార్ట్ చేసినా చక్కగా వస్తాయి. ఆ స్క్రిప్టునే తెచ్చి బస్తాల కాలమ్ మీద పెడితే 8 బస్తాల లైను 75 బస్తాల తర్వాత కూర్చుంటుంది. అందుకే స్క్రిప్టు "పనిచేస్తోంది" అని ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది, ఏ డేటా మీద పరీక్షించారని. ఒకంకె, రెండంకెలు, మూడంకెలు, ఒక ఖాళీ, ఒక కామా ఉన్నది, ఇవన్నీ కలిపి పది లైన్ల ఫైలు చేతితో రాసి దాని మీద చూడండి. సీజన్ మొత్తం ఫైలు మీద కంటే ఆ పది లైన్ల మీద ఎక్కువ తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. సార్ట్ చేయడం మీ పని కాదు, అది పైథాన్ చేసుకుంటుంది. మీ పని కీ రాయడం. ఒక లైను ఇస్తే దాని బదులు ఏ విలువని పోల్చాలో తిప్పి ఇచ్చే చిన్న ఫంక్షనే కీ. మీ వ్యాపారం గురించి మీకు తెలిసినదంతా, అంటే కౌంట్ సంఖ్య అని, తేదీలో రోజు ముందు వస్తుందని, ఖాళీ అంటే ఇంకా తూకం కాలేదని, ఇదంతా అక్కడే చెప్పాలి. లైనుని మాత్రం ముట్టుకోవద్దు. కామాలు తీసేసిన కిలోలు, తిరగేసిన తేదీ పోలిక కోసమే. ఫైలులోకి తిరిగి వెళ్లేది మొదట ఉన్న లైనే. ఈ రెండూ కలిపేసి, సార్ట్ కోసమని డేటానే మార్చేసిన స్క్రిప్టులు నేను చాలా చూశాను. తర్వాత ఎవరైనా "అసలు బిల్లులో ఏముంది?" అని అడిగితే చెప్పడానికి ఏమీ మిగలదు.

మీ కౌంట్ కోసం కీ ఇలా ఉంటుంది:

డెఫ్ కౌంట్_కీ(లైను):
    ముక్కలు = లైను.స్ప్లిట్('|')
    కౌంట్ = ముక్కలు[3].స్ట్రిప్()
    కిలోలు = ఫ్లోట్(ముక్కలు[4].రీప్లేస్(',', ''))
    ఇఫ్ నాట్ కౌంట్:
        రిటర్న్ (1, 0, -కిలోలు)
    రిటర్న్ (0, ఫ్లోట్(కౌంట్), -కిలోలు)

తర్వాత సార్టెడ్‌కి లైన్ల జాబితా ఇచ్చి, కీ అంటే కౌంట్_కీ అని చెప్పడమే. కీ అన్నచోట ఫంక్షన్ పేరు మాత్రమే ఇవ్వాలి, పక్కన బ్రాకెట్లు పెట్టకూడదు. బ్రాకెట్లు పెడితే ఫంక్షన్‌ని మీరే అక్కడికక్కడ పిలిచినట్టు అవుతుంది, ఎర్రర్ వస్తుంది.

కౌంట్ నాలుగో ఫీల్డు అయితే మూడు అని రాశానేమిటని అనుకోవద్దు, పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది. ఇంట్ (పూర్ణ సంఖ్య) బదులు ఫ్లోట్ (దశాంశ సంఖ్య) ఎందుకంటే, శాంపిల్ తూచినప్పుడు కౌంట్ 62.5 అని కూడా రాస్తుంటారు. ఇంట్‌కి చుక్క కనిపిస్తే ఎర్రర్ ఇస్తుంది.

మూడు విలువల్ని ఒక బ్రాకెట్‌లో పెట్టి ఇచ్చాం కదా, దాన్ని టపుల్ అంటారు. పైథాన్ రెండు టపుల్స్‌ని పోల్చేటప్పుడు ముందు మొదటి విలువలు చూస్తుంది, అవి సమానమైతేనే రెండోవాటికి వెళ్తుంది, అవీ సమానమైతే మూడోవి. కౌంట్ ఉన్నవాటికి మొదట 0, లేనివాటికి 1 పెట్టాం కాబట్టి ఖాళీలన్నీ చివరికి పోతాయి. కిలోలకి ముందు మైనస్ పెడితే ఎక్కువ కిలోలున్నది చిన్న సంఖ్య అవుతుంది, అందుకని ముందొస్తుంది. పై నమూనా మీద నడిపితే ముందు ఆకివీడు 30, తర్వాత కాళ్ళ 45 (1,400 కిలోలు), కాళ్ల 45 (860 కిలోలు), ఆ తర్వాత మొగల్తూరు 100, ఆఖరున వీరవాసరం రావాలి.

ఖాళీ కౌంట్‌కి 0 వేసేద్దాం అని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్నది. 30 కౌంట్ అంటే ఒక్కోటి 33 గ్రాముల పైమాటే, 100 కౌంట్ అంటే 10 గ్రాములు. సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. సున్నా వేస్తే ఇంకా తూకమే కాని చెరువు లిస్టులో అన్నిటికంటే ఖరీదైన సరుకుగా పైన కూర్చుంటుంది, దాన్ని చూసి ఎవరైనా బేరం మాట్లాడేస్తే మీకు టెన్షన్. 9999 వేసినా నాకు నచ్చదు. సార్ట్‌లో కిందకే పోతుంది నిజమే, కానీ ఆ 9999 ఏదో ఒక రోజు సగటు తీసే లెక్కలోకి జారుతుంది. ఖాళీని ఖాళీగానే ఉంచి, దాని చోటు మాత్రం కీలో చెప్పండి. పోనీ ఏమీ లేదని నన్ (ఇంగ్లిష్‌లో None) విలువ తిప్పి పంపుదామా అంటే, నన్‌నీ ఒక సంఖ్యనీ పోల్చమంటే పైథాన్ 3 టైప్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పైథాన్ 2లో ఆగేది కాదు, నన్‌ని అన్నిటికంటే చిన్నదిగా లెక్కేసి నోరుమూసుకుని ముందు పెట్టేది. ఆగిపోవడమే మేలని నా అభిప్రాయం.

కిలోల్లో కామా గురించి. 1,250 అని ఉన్నదాన్ని ఫ్లోట్‌కి ఇస్తే వేల్యూ ఎర్రర్ వస్తుంది, అందుకే రీప్లేస్‌తో కామా తీశాం. 1,25,000 అని మన పద్ధతిలో రాసినా అదే రీప్లేస్ సరిపోతుంది, కామా ఎక్కడుందన్నది దానికి అనవసరం. మీ ఫైలులో ఫీల్డుల మధ్య నిలువు గీత ఉండటం మీ అదృష్టం. కామానే పెట్టి ఉంటే 1,250 రెండు ఫీల్డులైపోయేది. అలాంటి ఫైళ్లలో కామా ఉన్న విలువల్ని కొటేషన్ గుర్తుల్లో పెడతారు, స్ప్లిట్‌కి ఆ సంగతి తెలీదు. అక్కడ పైథాన్‌తోనే వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్ వాడాలి. డీలిమిటర్, అంటే ఫీల్డుల మధ్య గుర్తు, ఏదో చెబితే నిలువు గీత ఫైళ్లని కూడా అదే చదువుతుంది. మీ సాఫ్ట్‌వేర్ కొటేషన్లు పెట్టడం లేదు కాబట్టి మీకు స్ప్లిట్ చాలు.

చాలు అన్నాను గానీ, ఒక షరతు. ప్రతి లైనులోనూ ముక్కలు సరిగ్గా ఐదే ఉన్నాయా అని చూడండి. లేకపోతే ఆ లైను నంబరూ, లైనూ స్క్రీన్ మీద వేసి ఆగిపోవాలి. ఊరి పేరు టైపు చేస్తూ ఎవరో నిలువు గీత కొడితే ఫీల్డులన్నీ ఒక గడి పక్కకి జరుగుతాయి. అప్పుడు ఏ ఎర్రరూ రాకుండా కౌంట్ బదులు చెరువు నంబరుతో సార్ట్ అయిపోవచ్చు. అసలే చెరువు నంబరూ అంకే.

లైను చదివేటప్పుడు చివర ఉండే న్యూలైన్ గుర్తు సంగతి కూడా చూసుకోవాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైలు ఆఖరి లైనుకి న్యూలైన్ పెట్టవు. సార్ట్ తర్వాత ఆ లైను మధ్యలోకి వచ్చిందనుకోండి, దాని వెనకాల లైను దానికి అతుక్కుపోతుంది. రెండు పట్టుబడులు ఒక్క లైనులో. మొత్తం లైన్లలో ఒకటి తగ్గిందని గమనించేవరకూ ఎవరికీ తెలియదు. చదివేటప్పుడు అన్నిటికీ న్యూలైన్ తీసేయడం, రాసేటప్పుడు అన్నిటికీ పెట్టడం, ఇదొక్కటే నమ్మకమైన పద్ధతి. తీసేటప్పుడు ఆర్‌స్ట్రిప్‌కి న్యూలైన్ గుర్తుని స్పష్టంగా ఇవ్వండి. ఉత్త స్ట్రిప్ రాస్తే ట్యాబ్‌తో విడగొట్టిన ఫైళ్లలో చివరి ఖాళీ ఫీల్డులు కూడా ఊడిపోతాయి, ఎందుకంటే ట్యాబ్ దాని లెక్కలో ఖాళీ జాగానే.

హెడింగ్ లైనుని సార్ట్‌కి ముందే పక్కన పెట్టేయండి. ఫైలు తెరవగానే నెక్స్ట్‌తో ఒక లైను చదివి దాచుకుని, చివర రాసేటప్పుడు దాన్నే మొదట రాయడం. ఇప్పుడు ఫ్లోట్ వాడుతున్నాం కాబట్టి, మర్చిపోతే పైథానే గుర్తుచేస్తుంది.

ఇక తేదీ. మీరు మొదట్లో కీ ఏమీ ఇవ్వకుండా లైన్లని అలాగే సార్ట్ చేస్తే తేదీలు కలగాపులగం అయ్యాయన్నారు. లైను మొదట్లో ఉన్నది తేదీ, అందులో మొదట ఉన్నది రోజు. అందుకని నవంబరు 5 ముందొచ్చి, అక్టోబరు 12, 28 వెనకపడ్డాయి. మనం రాసే పద్ధతిలో చిన్నది ముందు, పెద్దది వెనక. టెక్స్ట్ పోలికకి కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. 2024-11-05 అని సంవత్సరం ముందు పెట్టి, ఒకంకె నెలలకీ రోజులకీ సున్నా చేర్చి రాసిన తేదీలైతే టెక్స్ట్‌గా సార్ట్ చేసినా తప్పు రాదు. మీ ఫైలులో అలా లేదు కాబట్టి కీలో తిరగెయ్యాలి. హైఫన్ దగ్గర స్ప్లిట్ చేసి, సంవత్సరం, నెల, రోజు వరసలో ఇంట్‌లుగా టపుల్ ఇస్తే చాలు. డేట్‌టైమ్ మాడ్యూల్‌లోని స్ట్రప్‌టైమ్ వాడితే కొంచెం నిదానం, కానీ నవంబరు 31 లాంటి లేని తేదీ కనిపిస్తే అక్కడే పట్టుకుంటుంది. మీ ఫైలు సైజుకి ఆ నిదానం కంటికి కూడా కనపడదు, స్ట్రప్‌టైమే వాడండి.

దయచేసి ఈ ఫైలుని మధ్యలో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయొద్దు. ఆ కంప్యూటర్‌లో తేదీ సెట్టింగు అమెరికా పద్ధతిలో ఉంటే 05-11 మే 11 అయిపోతుంది. 28-10ని మాత్రం ముట్టుకోదు, ఎందుకంటే 28వ నెల లేదు, దాన్ని టెక్స్ట్‌గా వదిలేస్తుంది. అంటే సగం తేదీలు మారి, సగం మారకుండా ఉన్న ఫైలు మీ చేతికొస్తుంది. ఆ తర్వాత ఏ కీ రాసినా దాన్ని బాగుచేయలేం.

రెండు ఫీల్డుల మీద సార్ట్ చేసేటప్పుడు ఇంకో దారి ఉంది. ఇది తెలిసి ఉండాలి, ఎందుకంటే మైనస్ పెట్టే చిట్కా సంఖ్యలకే పనికొస్తుంది. ఊరి పేరు ముందు మైనస్ పెట్టలేం కదా. పైథాన్ సార్ట్ స్టేబుల్, అంటే కీ సమానంగా ఉన్న లైన్లు అంతకుముందు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో మిగులుతాయి. కాబట్టి ముందు రెండో ముఖ్యమైన ఫీల్డు మీద సార్ట్ చేసి, తర్వాత అన్నిటికంటే ముఖ్యమైన ఫీల్డు మీద మళ్లీ సార్ట్ చేస్తే సరి. కిలోల మీద రివర్స్‌తో ఒకసారి, తర్వాత కౌంట్ మీద ఒకసారి. వరస తిరగబడ్డట్టు అనిపిస్తుంది గానీ చివర చేసిన సార్ట్‌దే పైచేయి. రివర్స్ పెట్టినా ఈ స్టేబుల్ గుణం పోదు. సార్ట్ చేశాక జాబితాని మీరు చేత్తో తిరగేస్తే మాత్రం సమానమైనవాటి వరస కూడా తిరగబడుతుంది. పైథాన్ వాడే ఈ సార్ట్ పద్ధతి పేరు టిమ్‌సార్ట్, టిమ్ పీటర్స్ 2002లో పైథాన్ కోసం రాశాడు. ముందే కొంత వరసలో ఉన్న డేటాని గుర్తుపట్టి తక్కువ పోలికలతో పూర్తిచేస్తుంది. రోజువారీ తేదీ ప్రకారం కిందకి చేరుకుంటూ పోయే మీలాంటి ఫైళ్లు తేదీ మీద సార్ట్ చేస్తే దానికి పండగే.

చెరువు కాలమ్ గురించి మీరు చివర్లో ఒక ముక్క అడిగారు: 1, 2, 2ఎ, 10 వరసలో కావాలని. ఇది నాకు ఇష్టమైన భాగం, ఎందుకంటే ఇదే కీ సర్వే నంబర్లకి కూడా పనికొస్తుంది. 9/3, 12/1, 102/3ఎ లాంటివి టెక్స్ట్‌గా సార్ట్ చేస్తే 102 ముందొచ్చి 9 ఆఖరున వస్తుంది. ఫ్లోట్ చేద్దామంటే అందులో అక్షరాలున్నాయి. చేయాల్సింది, అంకెల గుంపుల్నీ మిగతా అక్షరాల్నీ విడగొట్టి, అంకెల గుంపుల్ని మాత్రం ఇంట్‌గా మార్చడం. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్‌లో కూడా ఒక స్ప్లిట్ ఉంది, దానికి "ఒకటి లేదా ఎక్కువ అంకెలు" అన్న ప్యాటర్న్‌ని బ్రాకెట్లలో పెట్టి ఇవ్వండి. బ్రాకెట్లు ముఖ్యం. అవి లేకపోతే అంకెల్ని విడదీసే గుర్తుగా భావించి పారేస్తుంది, ఉంటే వాటిని కూడా జాబితాలో ఉంచుతుంది. 102/3ఎ ఇస్తే వచ్చే ముక్కలు: ఖాళీ, 102, ఏటవాలు గీత, 3, ఎ. మొదటి ముక్క ఎప్పుడూ టెక్స్టే, అంకెతో మొదలైతే ఖాళీ టెక్స్ట్. రెండోది ఎప్పుడూ అంకెలే. ఇలా ఒకటి విడిచి ఒకటి వస్తాయి కాబట్టి ఏ రెండు నంబర్లని పోల్చినా టెక్స్ట్ ఎదురుగా టెక్స్ట్, సంఖ్య ఎదురుగా సంఖ్యే పడతాయి, టైప్ ఎర్రర్ రానేరాదు. దీనికి విడిగా లైబ్రరీలు ఉన్నాయి గానీ మూడు లైన్ల పనికి లైబ్రరీ ఎందుకు? ఇంకో సంగతి, పాత కాగితాల నుంచి ఎవరైనా ౧౨ అని తెలుగు అంకెల్లో ఎక్కించినా పైథాన్ 3లో ఆ ప్యాటర్న్ పట్టుకుంటుంది, ఇంట్ దాన్ని 12గానే చదువుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది.

ఊరి పేర్ల మీద సార్ట్ కొంచెం తలనొప్పి. కీగా ఊరి పేరు టెక్స్ట్‌నే ఇస్తే పైథాన్ యూనికోడ్ నంబర్ల (కంప్యూటర్‌లో ఒక్కో అక్షరానికి ఉండే నంబర్ల) వరసలో పోలుస్తుంది. అత్తిలి, ఆకివీడు, ఆచంట, ఉండి, పాలకొల్లు, పెనుగొండ, పోడూరు, భీమవరం, ఇవన్నీ మనం అనుకున్నట్టే వస్తాయి. తేడా ళ, ఱల దగ్గర వస్తుంది. మన అక్షరమాలలో ళ చివర్లో, హ తర్వాత. యూనికోడ్‌లో అది ల పక్కనే, వ కంటే ముందు ఉంది. అందుకని కాళ్ల ముందు, కావలిపురం దాని వెనక వస్తాయి. ఇది మీ పనికి అడ్డమేమీ కాదు, వదిలేయండి. ఓటరు జాబితాలోనో నిఘంటువులోనో అయితే పట్టించుకోవాలి, దానికి ఐసీయూ అనే లైబ్రరీలో భాషల వారీగా వరస నియమాలున్నాయి.

మీకు నిజంగా దెబ్బకొట్టేది వేరే. నమూనాలో కాళ్ల అని ఒకటి, కాళ్ళ అని ఇంకొకటి పెట్టాను, చూశారా? కావాలనే పెట్టాను. మనకి రెండూ ఒకే ఊరు, పైథాన్‌కి రెండు వేర్వేరు టెక్స్టులు. నరసాపురం, నర్సాపురం కూడా అంతే. ఇంకా ఘోరం, ఫోన్ కీబోర్డులు కొన్ని పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం పెడతాయి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. స్క్రీన్ మీద రెండు పేర్లూ అచ్చం ఒకేలా ఉంటాయి, సార్ట్ చేస్తే మాత్రం విడిపోతాయి. దీనికి తెలివైన ఫంక్షన్ ఏదో రాయాలని ప్రయత్నించకండి. మీరు కొనేది ఎన్ని ఊళ్ల నుంచి? చేతితో ఒక పట్టిక రాసేయండి, పైథాన్‌లో డిక్షనరీ అంటారు దాన్ని. ఎడమవైపు కనిపించే ప్రతి రూపం, కుడివైపు మీరు ఒప్పుకునే ఒక్క పేరు. పట్టికలో లేని పేరు వస్తే ఆగి అడగాలి. కీలో ఊరి పేరు బదులు ఆ పట్టికలోని పేరు వాడండి. అసలు లైనులో ఏ స్పెల్లింగ్ ఉందో అదే ఉంటుంది.

పైథాన్ లేకుండా టెర్మినల్‌లో ఒక్క కమాండ్‌తో అవదా అని కింద ఇంకొకరు అడిగారు. లినక్స్‌లో సార్ట్ కమాండ్ ఉంది, దానికి టీ ఆప్షన్‌తో నిలువు గీత, కే ఆప్షన్‌తో 4,4, చివర ఎన్ అక్షరం ఇస్తే కౌంట్ మీద సంఖ్యల వరసలో సార్ట్ అవుతుంది. ఇక్కడ ఫీల్డులు ఒకటి నుంచి లెక్క. 4,4 అని రెండుసార్లు రాయాలి. ఉత్త 4 రాస్తే నాలుగో ఫీల్డు నుంచి లైను చివరిదాకా అని అర్థం, టెక్స్ట్ సార్ట్‌లో అది తేడా చేస్తుంది. నిలువు గీతని కొటేషన్ గుర్తుల్లో పెట్టడం మర్చిపోతే షెల్ దాన్ని పైపు (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకో కమాండ్‌కి పంపే గుర్తు) అనుకుంటుంది. కిలోల మీద మాత్రం దీన్ని నమ్మొద్దు. సీ లొకేల్‌లో (ఏ భాషకీ చెందని మూల సెట్టింగులో) 1,250ని కామా దగ్గర ఆపేసి 1 అని చదువుతుంది. పెర్ల్ వాడేవాళ్లకి ఇంకో గొయ్యి: అక్కడ స్ప్లిట్‌కి ఇచ్చేది ప్యాటర్న్, నిలువు గీతకి ప్యాటర్న్‌లో "ఇది లేదా అది" అన్న అర్థం ఉంది. ముందు బ్యాక్‌స్లాష్ పెట్టకపోతే లైనుని ఒక్కో అక్షరంగా ముక్కలు చేసి పారేస్తుంది. పైథాన్ మామూలు స్ప్లిట్‌లో ఈ గొడవ లేదు.

చివరగా ఫైలు తెరవడం, రాయడం. మీది విండోస్ అన్నారు కాబట్టి తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని తప్పకుండా చెప్పండి, లేకపోతే తెలుగు పేర్లు పిచ్చిగీతలవుతాయి, లేదా చదవడమే ఆగిపోతుంది. ఫైలు మొదట్లో బామ్ అనే కనపడని గుర్తు ఉంటే యూటీఎఫ్-8-సిగ్ అనాలి. హెడింగ్ లేని ఫైలులో మొదటి లైను తేదీ ఒక్కటే ఇంట్‌కి లొంగకుండా ఎర్రర్ ఇస్తుంటే కారణం నూటికి తొంభై పాళ్లు ఇదే. ఇక రాసేటప్పుడు చదివిన ఫైలు మీదే రాయొద్దు. రాయడానికి తెరిచిన క్షణమే పాతదంతా చెరిగిపోతుంది, మధ్యలో కరెంటు పోతే రెండూ ఉండవు. పక్కన ఇంకో పేరుతో రాసి, లైన్ల సంఖ్య పాతదానితో సరిపోయిందో చూసుకుని, అప్పుడు ఓఎస్ మాడ్యూల్‌లో రీప్లేస్‌తో పేరు మార్చండి.

ఇది పెట్టి చూసి, ఇంకా ఏ లైనైనా మొరాయిస్తే ఆ ఒక్క లైనుని ఇక్కడ పెట్టండి, పైథాన్ ఇచ్చిన ఎర్రర్ ఆఖరి లైనుతో సహా. స్క్రీన్ ఫోటో కాదు, కాపీ చేసి పెట్టండి. కనపడని అక్షరాలు ఫోటోలో దొరకవు.